పన్నెండు జీబీలో పట్టని అంచులు

అది మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఆ రోజుల్లో కరీంనగర్ పక్కనున్న మా ఊళ్లో కరెంటు ఎప్పుడు వచ్చేదీ, ఎప్పుడు పోయేదీ నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. చుట్టాల రాకపోకలను కూడా ఎవరూ అంత శ్రద్ధగా రాసి ఉండరు. నాకప్పుడు యాభై ఎనిమిదేళ్లు. (ఇది చిన్ననాటి ముచ్చట ఎలా అవుతుందని అడగకండి. కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి పద్నాలుగు నెలలే. ఆ లెక్కన నేనింకా గోడ పట్టుకుని నడుస్తున్న పిల్లను.)

మా బాపు మగ్గం నేసేవాడు. చీర అంచుల కోసం ఆయన గళ్ల కాగితం మీద వేసిన బొమ్మలు మూడొందల తొంభై. వాటికి చెదలు పట్టడంతో, ఒక్కో గడీ చూసి కంప్యూటర్‌లో మళ్లీ గీస్తున్నాను. మూడొందల నలభై పూర్తయ్యాక ఇక చోటు లేదంది. ఆ కంప్యూటర్ మందమర్రిలో బొగ్గుబాయి ఆఫీసులో పనిచేసే మా తమ్ముడు వాడి ఇచ్చింది. అందులో విండోస్, లినక్స్ రెండూ పెట్టాడు. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగేది. నా బొమ్మలన్నీ లినక్స్ వైపు. ఆ వైపుకు పన్నెండు జీబీ ఇచ్చి, విండోస్‌కు అరవై ఎనిమిది ఇచ్చాడు మహానుభావుడు. అందులో పేకాట తప్ప ఏమీ లేదు. అందుకే అక్కడి చోటు కొంత కోసి నా వైపుకు కలుపుకుందామనుకున్నాను.

ముందు కాపీ తీసుకుందామంటే ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్‌లో రెండొందల ఎనభై మూడే పట్టాయి. మిగిలిన యాభై ఏడింటి కాగితాలు అప్పటికే పొడి అయిపోయాయి. డిస్కులోంచి పోతే అవి ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. (ఇంకో పెన్‌డ్రైవ్ కొనేదాకా ఆగవచ్చు కదా అంటారు. ఆగలేదు. తప్పు నాదే.) కరీంనగర్ కంప్యూటర్ దుకాణపాయన ఫోన్లో, "మొత్తం తుడిచి కొత్తగ ఎక్కియ్యాలె అమ్మా" అన్నాడు. తమ్ముడైతే బతిమాలాడు.

"అక్కా, నీకు దండం పెడత, ముట్టకు. నడుమల కరెంటు పోయిందంటే ఏం మిగలది. ఎప్పుడు పోతదో నీకు తెలుస్తదా?"

"తెలుస్తది. పదకొండుకు పోతది" అన్నాను.

ఆరు నలభైకి మొదలుపెట్టాను. విండోస్ చివర ఇరవై జీబీ కోసి ఖాళీ చేయడం పావుగంట పని. లినక్స్‌ను ఆ ఖాళీలోకి పెంచడమే కష్టం. అది విండోస్‌కు కుడిపక్కన ఉంది, ఖాళీ వచ్చింది దాని ఎడమన. అందులో ఉన్నదంతా మొదటి నుంచి చివరిదాకా ఎడమకు జరగాలి. అంచు వెడల్పు చేయాలంటే పక్క పోగులన్నీ జరపాల్సిందే. నేత ఇంట్లో పుట్టినదాన్ని, అది నాకు ఒకరు చెప్పాలా? తెర మీద మూడు గంటల యాభై నిమిషాలు అని పడింది. అంటే పది నలభై అయిదుకు పని ముగుస్తుంది. నాకు ఇంకా పదిహేను నిమిషాలు మిగులు.

పది గంటల పదిహేడు నిమిషాలకు మా గల్లీలోని ఇరవై ఎనిమిది సాంచాలు (మరమగ్గాలను మేము అలాగే అంటాం) ఒక్కసారిగా ఆగిపోయాయి. మా గల్లీలో సాంచాల చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టే. మరో నిమిషానికి కంప్యూటర్ కింది బ్యాటరీ పెట్టె కీచుకీచుమనడం మొదలుపెట్టింది. అది నిలిచేది పదకొండు నిమిషాలు, గడియారం పెట్టి రెండుసార్లు కొలిచాను. ఇంకా కావలసినవి ఇరవై ఏడు.

నోటుబుక్కు తెరిచాను. నలభై రెండు రోజుల్లో ఒక్కనాడూ పదకొండుకు ముందు పోలేదు. కరెంటు తప్పు చేసిందంటే నమ్ముతాను గానీ, నా నోటుబుక్కు తప్పంటే నమ్మను. కిటికీలోంచి చూస్తే ఎదురింట్లో ఫ్యాను దర్జాగా తిరుగుతోంది!

అరుగు మీదికి ఉరికాను. మా ఆయన మెయిన్ స్విచ్ దగ్గర, దొంగను పట్టుకున్నవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఫికర్ చెయ్యకు. సాంచలు ఆగంగనే మెయిన్ బంద్ చేసిన. కరెంటు దబ్బున వస్తే నీ డబ్బా కాలిపోతది."

"కరెంటు పోలే! నువ్వే తీసినవు!"

"మరి సాంచలెందుకు ఆగినయే?"

ఎదురింటి అన్న గుమ్మంలోంచి చెప్పాడు. "మేమే ఆపినం చెల్లె. నీ డబ్బాల పెద్ద పని నడుస్తుందని మీ ఆయన ఇందాక చెప్పిండు. సాంచలు నడిస్తే కరెంటు ఊగుతది గదా అని గల్లీ అంత బంద్ పెట్టినం."

"ఎవ్వలు ఆపమన్నరు? జర ఒక్క మాట అడగద్దా?" అని అరిచి స్విచ్ వేశాను. పది ఇరవై ఒకటి. కీచుమనడం ఆగింది.

అరుగు దగ్గర చేరిన గల్లీవాళ్లు నాతో తిట్లు తిని కూడా వెళ్లలేదు. లోపలికి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. "గిదేంది చెల్లె, గింత మెల్లగ? మా సాంచ మీద గిప్పటికి రెండు మీటర్లు దిగుతుండె" అన్నాడు అన్న. పది నలభై అయిదుకు పని ముగిసింది. మళ్లీ ఆన్ చేసి లినక్స్ తెరిచాను. మూడొందల నలభై. రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై జీబీ ఖాళీ, ఊడ్చిన వాకిలిలా. మా ఆయన గల్లీ అందరికీ వినబడేలా, "నేను స్విచ్ చూసుకోబట్టే" అన్నాడు. పదకొండు గంటల రెండు నిమిషాలకు కరెంటు పోయింది. రెండు నిమిషాలు ఆలస్యం. రాసుకున్నాను.

తమ్ముడికి ఫోన్ చేశాను. "మొత్తం పోయినయా అక్కా?" అన్నాడు.

"అన్నీ ఉన్నయి. నీ పేకాట కూడ ఉన్నది."

"ఇగ మా ఆఫీసుల కంప్యూటర్ గూడ జర చూడరాదు" అన్నాడు.

పదమూడేళ్లు గడిచాయి. మిగతా యాభై అంచులు కూడా గీసేశాను. తన కోసం గల్లీ అంతా పని ఆపుకుంటే, గడియారం చూసి కసురుకున్న ఆ మనిషిని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. మొన్న ఎదురింటి అన్నతో, "ఆనాడు మీ మీద అరిచిన, మనసుల పెట్టుకోకు" అన్నాను. "ఏనాడు చెల్లె?" అన్నాడు.

ఆ రోజు పోయినవి: అంచులు, సున్నా. స్టవ్ మీద మరిచిన పాలు, అర లీటరు. ఇరవై ఎనిమిది సాంచాల పని, ఒక్కోటి అరగంట. మెయిన్ స్విచ్ మీద మా ఆయన హక్కు, శాశ్వతంగా.