సత్తన్న వేయని సీలు

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, అది మాత్రం దిగదు, బయటికీ రాదు. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి.

మేడ్చల్ రోడ్డు మీద సత్తన్నకు డీజిల్ పంపులు బాగుచేసే షాపు ఉండేది. లారీ ఇంజన్‌కు ఎంత డీజిల్ అందాలో కొలిచి వదిలేది ఆ పంపే. దాన్ని సరిచేయడంలో ఆయనను మించినవాడు మా వైపు లేడు. పని అయ్యాక పంపు మూతకు తీగ చుట్టి, సీసపు బిళ్ల పెట్టి, తన గుర్తున్న పట్టకారుతో నొక్కేవాడు. ఆ సీలు ఉందంటే ఇంకెవడూ ముట్టలేదని అర్థం. నేను ఆయన దగ్గరే పని నేర్చుకుని, పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాను. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతూ షాపు నాకే అప్పజెప్పేవాడు. సీలు పట్టకారు మేకుకు వేలాడుతూనే ఉండేది. పంపు లోపల డీజిల్ పెంచి తగ్గించే నట్టును తిప్పే రెండు కొమ్ముల పానా మాత్రం జేబులో పెట్టుకుని పోయేవాడు.

యాదగిరి షామీర్‌పేట వైపు నుంచి సొంత లారీలో కంకర తోలేవాడు. లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు బండి గుంజడం లేదని, ఇంకాస్త డీజిల్ వదలమని సత్తన్నను బతిమాలాడు. ఇంజన్ తట్టుకోదని సత్తన్న ఒప్పుకోలేదు. దాంతో నా దగ్గరికి వచ్చాడు. "సత్తన్నకు భయమెక్కువ. నీతోనైతది" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఉబ్బిపోయాను. ఎందుకు? పని నేర్పినవాణ్ని మించిపోయానని నలుగురూ అనుకోవాలని. ఇంకేదైనా కారణం ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. లేదు.

పానా లేదు కదా. పాత స్క్రూడ్రైవర్ కొనను మధ్యలో హాక్సా బ్లేడుతో కోసి రెండు కొమ్ములు చేశాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. అలా గట్టిపడిన ఉక్కు పెళుసుగా ఉంటుందని, మళ్లీ సన్నని సెగ మీద కాస్త కాల్చాలని సత్తన్నే నేర్పాడు. ఆ రెండో సెగకు నాకు ఓపిక లేకపోయింది.

మరునాడు సత్తన్న అన్నానికి పోగానే యాదగిరి లారీ తెచ్చాడు. దాని పంపుకున్న సత్తన్న సీలు తెంపి మూత విప్పాను. నట్టు తిరిగింది. చివరి తిప్పుకు టక్కుమని ఒక కొమ్ము విరిగింది. బియ్యపు గింజంత ముక్క. అయస్కాంతాన్ని తీగకు కట్టి లోపలంతా తిప్పాను. దొరకలేదు. పంపు దించి పూర్తిగా విప్పి చూడాలి, అది నాకు బాగా తెలుసు. కానీ సత్తన్న వచ్చే వేళయింది. ముక్క కింద మట్టిలో పడి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మానా? నమ్మలేదు. అయినా మూత బిగించాను. ఆయన పట్టకారుతోనే ఆయన సీలు వేశాను.

మూడో రోజు తూంకుంట దగ్గర కాలు తీసినా డీజిల్ తగ్గక ఆ లారీ ఇంజన్ అదుపు తప్పింది. ఎదురుగా ఆగి ఉన్న బస్సును తప్పించబోయి యాదగిరి బండిని రోడ్డు పక్క బండలకు కొట్టాడని చూసినవాళ్లు చెప్పారు. అక్కడే పోయాడు. ఆ కబురు విన్నప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. పంపు విప్పింది నేనని తెలిసినవాడు ఇక లేడన్న ఊరట.

యాదగిరి తమ్ముడు ఆ పంపును సత్తన్న షాపుకే తెచ్చాడు. సీలు అలాగే ఉంది. పదిమంది ముందు సత్తన్న మూత విప్పితే, లోపల ఇరుక్కున్న ఉక్కు ముక్క ఆయన అరచేతిలో పడింది. అప్పటికే ఆయన చూపు మసకబారుతోంది. నన్ను పిలిచాడు.

"తమ్మీ, నీ కండ్లు మంచిగున్నయి. జర సూడు. గిది నా బల్ల మీదికెళ్లి పంపు లోపట పడ్డదంటవా?"

చూశాను. నలిగిన ఆ ముక్క అంచున నా హాక్సా బ్లేడు గీతలు ఇంకా ఉన్నాయి.

"సీలు నీదే ఉన్నదన్నా. సక్కగ కనిపిస్తలేదని నువ్వే అంటున్నవ్ గదా."

ఆయన ముక్కను బల్ల మీద పెట్టి తన వేళ్లను చూసుకున్నాడు.

"అయితే నేనే సంపిన తమ్మీ" అన్నాడు.

ఆ తర్వాత ఆయన పంపు ముట్టలేదు. వచ్చిన బండ్లన్నీ నా దగ్గరికే పంపాడు. జేబులోని పానా కూడా నాకే ఇచ్చాడు. దానితోనే నేను పేరు తెచ్చుకున్నాను. ఆయన షామీర్‌పేటలో ప్లాట్లు చేసిన ఒక వెంచర్‌కు వాచ్‌మన్‌గా చేరాడు. నేను చూడ్డానికి పోతే కుర్చీ నాకు వేసి, తాను రాయి మీద కూర్చునేవాడు. పోయిన ప్రతిసారీ చెప్పాలనే పోయాను. యాదగిరి చావు నా తొందరపాటు వల్ల జరిగిందని ఎలాగో ఒకలా సర్దిచెప్పుకోగలనేమో. కానీ సరిగా కనిపించక నా కళ్లను నమ్మిన మనిషికి, తాను చేయని తప్పును తనదేనని నా నోటితో నమ్మించానే, దానికి ఏమని సర్దిచెప్పుకోను?

సత్తన్న పోయి చాలాకాలమైంది. ఆయన భార్య లక్ష్మక్క పోయిన నెల కనిపించింది. "ఒక్క తప్పు జేసిండు తమ్మీ. గా రందితోనే పోయిండు" అంది. నేను అవునన్నట్టు తల ఊపాను. ఇన్నేళ్లకు కూడా తలే ఊపాను.

ఇంటికి వచ్చి ఈ కాగితాలు తీశాను. క్షమించమని ఎవరినీ అడగను. క్షమించాల్సిన ఇద్దరూ లేరు. లక్ష్మక్క ఎదుట నిలబడి ఈ మాట అనగలనో లేదో తెలియదు. కానీ మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆ మూత విప్పింది నేను. సత్తన్న ఏ తప్పూ చేయలేదు.