బానెట్ వెనక గొంతు

మా కారు స్టార్ట్ చేస్తే భవానీపురంలో మా వీధి వీధంతా లేచేది. ఇంజను బెల్టు అలా కీచుమని అరిచేది. దానికి మా ఆయన కనిపెట్టిన మందు సబ్బు. ఒంటికి రుద్దుకోగా మిగిలిన ముక్కను డాష్‌బోర్డులో దాచి, పొద్దున్నే బానెట్ ఎత్తి బెల్టుకి రుద్దేవారు. కాసేపు నోరు మూసుకునేది, మెయిన్ రోడ్డెక్కేసరికి మళ్ళీ మొదలు. ఇంజను వేడెక్కితే కారంతా స్నానాలగది వాసన.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కారు పని ఇద్దరం కలిసి చేసేవాళ్ళం. నేను సీట్లో కూర్చుని తాళం తిప్పాలి, ఆయన ముందు నిలబడి చూడాలి. బానెట్ ఎత్తి ఉంటే అవతలి మనిషి కనపడడు. ఆ గోలలో "ఇక ఆపవే" అని ఆయన గొంతు చించుకుంటే తప్ప నాకు వినపడేది కాదు. పైగా "చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అని నన్నే దెప్పేవారు.

ఆయన గుండెపోటుతో పోయిన ఏడాది, మైలవరం నుంచి మా అన్నయ్య వచ్చాడు. ఒంటరి ఆడది కారు నడపడం వాడికి మొదట్నుంచీ మింగుడుపడలేదు.

"ఈ గోల బండి నీకెందుకే? బస్సుల్లేవా, ఆటోల్లేవా? వచ్చే ఆదివారం ఒకాయన్ని తీసుకొస్తా, అమ్మేద్దాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "గోలే కదా నీ బాధ? ఆదివారానికి గోల లేకుండా చేస్తాను. చెయ్యలేకపోతే అమ్మెయ్" అనేశాను.

అనేశాక భయం వేసింది. ఇంట్లో ఆయనవి చాలానే ఉన్నాయి. కానీ ఇద్దరం కలిసి చేసిన పని ఆ కారు ఒక్కటే. అదీ పోతే నేనెలా ఉండాలో నాకు తెలియలేదు.

బెల్టు చూస్తే కొత్తదే. అది తిప్పే డైనమో చక్రం, అదే పుల్లీ, దాని గాడిలో వేలు పెట్టి చూశాను. గాడి గోడలు అరిగిపోయి, బెల్టు అడుగుదాకా దిగి జారుతోంది. ఇన్నేళ్ళూ బెల్టుదే తప్పనుకుని దానికి సబ్బు రుద్దుతూ వచ్చాం. ఆటోనగర్ వెళ్ళి కొత్త పుల్లీ తెచ్చుకున్నాను. "మనిషిని పంపమంటారా అమ్మా?" అన్నాడు కొట్టాయన. "వద్దండీ, నేనే బిగించుకుంటా" అన్నాను. నవ్వలేదు, అది నయం.

శనివారం మధ్యాహ్నం డైనమో ఊడదీసి గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాను. పుల్లీ నట్ విప్పాలంటే ఇద్దరుండాలి. ఒకరు పుల్లీ తిరక్కుండా పట్టుకోవాలి, ఒకరు స్పానర్ తిప్పాలి. పాత బెల్టు ఒకటి కోసి, పుల్లీకి చుట్టి, రెండు కొసలూ కాలికింద తొక్కిపెట్టి స్పానర్ లాగాను. జారింది. మళ్ళీ లాగితే మళ్ళీ జారి వేలి కణుపు చీరుకుపోయింది. "ఒక్క క్షణం పట్టుకోండి" అని పైకే అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఒంటి బరువంతా స్పానర్ మీద వేశాను. నట్ కదిలింది.

అన్నీ బిగించి, తాళం తిప్పి, పరుగున ముందుకొచ్చి నేనే చూసుకున్నాను. పుల్లీ తిరుగుతోంది, కీచుమనడం లేదు. ఎవరికైనా చెబుదామని వీధిలోకి చూశాను. ఎండకి అందరూ తలుపులేసుకున్నారు.

ఆదివారం అన్నయ్య ఆ కొనే ఆయన్ని తీసుకొచ్చాడు. ఆయన బానెట్ ఎత్తి, "ఒకసారి స్టార్ట్ చెయ్యండమ్మా" అన్నాడు. సీట్లో కూర్చుని తాళం తిప్పాను. గోల లేకపోయేసరికి అన్నయ్య మొహం చూడాలి.

"చాలండీ, ఇక ఆపండి" అని బానెట్ అవతల నుంచి గొంతు వినిపించింది.

నా చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. బానెట్ దిగింది. అవతల ఉన్నది కొనడానికొచ్చిన మీసాలాయనే.

"బండి అమ్మనండీ" అన్నాను. మాట ప్రకారం గోల మాన్పించాను కదా, అన్నయ్య ఆ వచ్చినాయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి సీట్లో కూర్చున్నాను. ఇప్పుడు మా ఆయన అరవక్కర్లేదు, మెల్లగా చెప్పినా వినపడుతుంది. చాలాసేపు కూర్చున్నాను. ఆపమని ఎవరూ అనలేదు.