ఎలుకలు ముట్టని చక్కెర

వైరా చుట్టుపక్కల ఎలుకలన్నీ ఆదెమ్మను అడిగాకే గింజ కొరుకుతాయి. ఆమె ఒక్కసారి దగ్గితే చాలు, పందికొక్కులు సైతం పొలం గట్టు దిగి దండం పెట్టి వెళ్ళిపోతాయి. ఈ మాట అనేది ఆమె మనవరాలు లిఖిత. ఇది రాసేదీ ఆమే. ఇంటర్ తప్పిన పిల్ల కాబట్టి రుజువులు అడగవద్దు.

నిజానికి ఆదెమ్మ ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకుంటుంది. బోనులు కడగడం, కింద పరిచిన పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు నింపడం, మేత పెట్టడం. అంతకుముందు బతుకంతా బర్రెలు కాచింది. మోకాళ్ళు అరిగాక బర్రెలను అమ్మేశారు. పని మారింది గానీ ఒక్క అలవాటు మారలేదు. కొట్టంలో పశువు మేతకు మూతి పెట్టందే ఆమె ముద్ద ముట్టదు. ఇప్పుడు పశువు బదులు ఎలుక, అంతే. అవి తిన్నాకే మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పుతుంది. షుగర్ గోలీ మాత్రం పొద్దున్నే వేసుకుంటుంది. ఆ గోలీకి ఎలుకల సంగతి తెలియదు.

ఈ వానాకాలం కాలేజీ లెక్చరర్ భార్గవి మేడమ్ కొత్త పరీక్ష మొదలుపెట్టింది. కడుపు ఖాళీ అయితే మెదడుకు కబురు పంపే హార్మోన్ ఒకటుంటుందట. ఆ కబురు చేరకుండా అడ్డుపడే మందును కొన్ని ఎలుకలకు సూదితో ఇస్తారు. బోనులో ఒక పక్క మామూలు మేత. ఇంకో పక్క చిన్న మీట. దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కితే ఒక చక్కెర గుళిక రాలుతుంది. మొన్నటిదాకా గుళిక కోసం టకటకా మీట వాయించినవే, సూది పడ్డాక అటు చూడడం మానేశాయి. మేత కూడా వాసన చూసి వదిలేసి, మూలకు పోయి ముడుచుకున్నాయి.

ఆ పొద్దున ఆదెమ్మ బోను ముందు పీట వేసుకుంది. "తిను బిడ్డా, జర తిను," అంటూ బర్రెను పిలిచినట్టు నాలుకతో చప్పుడు చేసింది. ఎలుక మీసాలు ఆడించి కళ్ళు మూసుకుంది.

"మేడమ్, నేనేమన్న తప్పు జేసిన్నా? నీళ్ళు మార్చిన, పొట్టు మార్చిన."

"నీ తప్పేం లేదు ఆదెమ్మా. మందు పని చేస్తోంది. తీపి మీద వాటికి యావ తగ్గింది. కడుపు నిండినా చేయి ఆగని మనుషులకు ఎప్పుడన్నా పనికొస్తుందేమోనని చూస్తున్నాం."

ఆదెమ్మకు నవ్వు రాలేదు. "ఒకప్పుడు గంజి కోసం ఎంత ఉరికినమో మాకెరుక. ఇప్పుడు ఆకలిని ఆపనీకి సూదులా," అని గోడకు ఒరిగింది. ఈ అలసట ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియదు. మోకాళ్ళలోనో, ఖాళీ కొట్టంలోనో. డబ్బా మూత తీయలేదు.

మధ్యాహ్నం లిఖిత వచ్చేసరికి అమ్మమ్మ మెట్ల మీద చెమటలు కారుస్తూ కూర్చుని ఉంది. ఖాళీ కడుపున పడ్డ గోలీ షుగర్‌ను దించేసింది.

"తిన్నవా?"

"అవి తినలే."

"అవ్, తినకుండ ఉండనీకే వాటికి సూదిచ్చిన్రు. నీకెవరిచ్చిన్రే అమ్మమ్మా?"

"నోరు లేనివి పస్తుంటే నాకెట్ల దిగుతదే?"

లిఖిత లోపలికి పోయి వచ్చింది. "తిన్నయే! మూలదాని మూతికింకా చక్కెర అంటుకునే ఉంది."

"అబద్ధం. మీట కొడితే నాకినపడదా?" లేవబోయి తూలింది ఆదెమ్మ.

లిఖిత వేళాకోళం మానేసింది. అమ్మమ్మను పట్టుకుని కూర్చోబెట్టి, గబగబా డబ్బా విప్పింది. అన్నం, వైరా చేపల పులుసు. పెద్ద ముద్ద కలిపి తన నోట్లోనే కుక్కుకుంది.

"ఇగో చూడు," అంది నిండు నోటితో. "నీ కొట్టంలో మిగిలిన గొడ్డును నేనే. నేను తిన్న. ఇగ నువ్వు తిను."

ఆదెమ్మ ఉబ్బిన ఆ బుగ్గల వంక చూసింది. చేయి చాపింది.

"గొడ్డు తింటే పాలన్న ఇస్తది. నువ్వు ముక్కంత మింగి ముల్లు మిగిల్చినవ్. డబ్బా ఇటు జరుపు."