బూట్ల అక్క

పిల్లలంతా ఆమెను బూట్ల అక్క అంటారు. అడవిని కాపాడే సంస్థలో ఆమె ఉద్యోగం పేదల వాడల్లోని పిల్లల్ని అడవి చూడ్డానికి తీసుకురావడం. చెప్పులతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తున్నారని, ఇల్లిల్లూ అడిగి తెచ్చిన పాత బూట్లను సంచినిండా మోసుకొస్తుంది. నేలమీద మోకరిల్లి ఒక్కొక్కరికీ తానే లేసులు కడుతుంది. వదులైతే బూటు ముందుభాగంలో గుడ్డపేలికలు కుక్కుతుంది. "ఈ అడవి మీదేరా, ఎవడబ్బ సొమ్మూ కాదు" అన్నది ఆమె ఊతపదం.

ఆవేళ ఒక పిల్లకు తోడుగా వాళ్ల అమ్మమ్మ వచ్చింది. అందరూ దిగినా ఆవిడ మాత్రం బస్సులోనే కూర్చుంది. "మీరూ రండి అమ్మమ్మా, మీ కాలికీ సరిపోయేవి ఉన్నాయి" అంది అక్క. "నాకు బూట్లెందుకు తల్లీ? ఇక్కడ వట్టికాళ్లతోనే పెరిగాను. అడవి కోసమని మమ్మల్ని ఖాళీ చేయించిననాడు వట్టికాళ్లతోనే పోయాం." ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపింది. "ఆ వాగు పక్కనే మా ఇల్లు. ఇప్పుడక్కడ ఏముంది?" అక్కడేముందో అక్కకు తెలుసు. పక్షుల్ని చూడవచ్చినవాళ్ల కోసం తమ సంస్థ వేయించిన బెంచీ ఉంది. ప్రతిసారీ పిల్లల్ని కూర్చోబెట్టి, అడవి మీదేనని ఆమె చెప్పేది ఆ బెంచీ మీదే. అక్క కిందికి వంగి, మనవరాలి బూటుకు అప్పటికే కట్టిన లేసును విప్పి, మళ్లీ కట్టసాగింది.