సత్తయ్య పడవకి ఆగ్నేయం ఎటు?

సత్తయ్య బావ గురించి నాగాయలంకలో ఎవర్నడిగినా ఓ ముక్క చెప్తారు. మొత్తం కావాలంటే మాత్రం నన్నే అడగాలి. నేను అబద్ధాలాడనండి. ఉన్నదానికి కాస్త ఉప్పూకారం తగిలిస్తానంతే.

బావ కాలవ లాకుల దగ్గర లస్కరు. అంటే గేట్లు ఎత్తేదీ ఆయనే, దించేదీ ఆయనే. ముప్పై రెండేళ్ళు అదే పని. ఆయన మాటలు వింటే కృష్ణానది కూడా ఆయన్నడిగే సముద్రంలోకి వెళ్తుందేమో అనిపిస్తుంది. లాకుల పక్కనే గవర్నమెంటు క్వార్టరు ఇచ్చారు, రెండు గదులు. పెళ్ళైన మర్నాటి నుంచీ పున్నమ్మక్క కాపురం అందులోనే.

ఆ క్వార్టరు కట్టినోడెవడో గానీ వంటగది తీసుకెళ్ళి ఈశాన్యం మూల పెట్టాడు. దేవుడుండాల్సిన చోట పొయ్యి! ఇంక చూస్కోండి, ఈ ముప్పై రెండేళ్ళలో అక్కకి ఏ కష్టమొచ్చినా తప్పంతా ఆ మూలదే. గేదె చచ్చిపోయినా ఈశాన్యమే, బావకి మోకాలు పట్టేసినా ఈశాన్యమే, పాలు విరిగినా ఈశాన్యమే. "నువ్వు రిటైరయ్యాక నేనెక్కడుంటానో నాకే తెలీదు గానీ, పొయ్యి మాత్రం ఆగ్నేయంలో వెలిగిస్తా" అని నా ముందే ఓ లక్షసార్లు అనుంటుంది.

రిటైరయ్యాడు. ఉగాదికల్లా క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. అవనిగడ్డలో ఏదో కాస్త స్థలం చూస్తాడని మేమంతా అనుకుంటుంటే, ఈయన బందరెళ్ళి పడవ కొనుక్కొచ్చాడు.

అవునండీ, పడవే. తెరచాప పడవ. ఆ రోజుల్లో ఉప్పూ ధాన్యం మోసిన ముసలి పడవ. బందరు పక్కన గిలకలదిండి రేవు ఒడ్డు బురదలో ఎన్నేళ్ళు పడుందో, దాని కడుపులో పీతలు మూడు తరాలు కాపురం చేశాయి. అడుగున చిల్లులు ఎన్నంటే, కింద పడుకుని చూస్తే చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఇంజను పడవకి కట్టి, సముద్రం మీదుగా చుట్టూ తిప్పి ఏటిలోకి లాక్కొచ్చారు. దారి పొడుగునా నీళ్ళు తోడుతూనే ఉన్నారంట.

"ఏంటయ్యా ఇది?" అంది పున్నమ్మక్క.

"ఇల్లు" అన్నాడు బావ.

"ఇల్లా?"

"పడవే గానీ ఇల్లు. అందులోనే ఉందాం. నేను పుట్టింది పడవలో కాదటే?"

అది నిజమే. వాళ్ళ నాన్న బందరు కాలవ మీద ధాన్యం పడవ నడిపేవాడు. వాళ్ళమ్మ ఆ పడవలోనే వండి, ఆ పడవలోనే కని, పెంచింది. అక్క ఓ నిమిషం పడవ వంక చూసింది, ఓ నిమిషం మొగుడి వంక చూసింది. "పొయ్యి ఆగ్నేయంలో ఉంటే ఎక్కుతా. లేదా ఉయ్యూరు మా చెల్లెలి దగ్గరికెళ్ళిపోతా. నువ్వూ నీ పీతలూ కలిసుండండి" అని తేల్చేసింది. పున్నమ్మక్క ఒకసారి అందంటే మళ్ళీ వెనక్కి తీసుకోదు.

పడవని రేవు పక్కన ఒడ్డుకి లాగి, దుంగల మీద నిలబెట్టారు. ముక్కు తూర్పుకి. బందరు నుంచి ఏలీయా వచ్చాడు. పడవలు చెయ్యడంలో వాడంత పనోడు లేడు. కుళ్ళిన చెక్కలు పీకి కొత్తవి బిగించాడు. సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనె కాచి పూశాడు. ఆ కంపుకి అవనిగడ్డ బస్సులో జనం ముక్కులు మూసుకున్నారంటే నమ్మండి. తెరచాపకి గుడ్డ దొరక్క, ధాన్యం కుప్పల మీద కప్పే పట్టాకి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ ఒకటి కలిపి కుట్టారు. గాలొస్తే ఆ ఫ్లెక్సీలో పిల్ల ఊరందరికీ దణ్ణం పెట్టేది.

లోపల గది కట్టేముందు, పెళ్ళాం మాట పోకూడదని, బావ గుడివాడ నుంచి కోదండరామయ్య సిద్ధాంతి గార్ని పిలిపించాడు. ఆయన దిక్సూచి తీసి పడవ మధ్యలో పెట్టి, ముక్కు దగ్గర కుడిపక్కన సుద్దముక్కతో గీత గీశారు. "ఇది ఆగ్నేయం. పొయ్యి ఇక్కడే. గుమ్మం ముక్కు వైపు, తూర్పుకి."

ఏలీయా గడ్డం గోక్కున్నాడు. "అది కాదండీ సిద్ధాంతి గారూ, నీళ్ళలో దింపాక..."

"నీళ్ళ సంగతి నువ్వు చూసుకో నాయనా, దిక్కుల సంగతి నేను చూస్తా."

"అదేనండీ, ఆ దిక్కులే..."

"నువ్వు చర్చికెళ్ళేవాడివి, వాస్తుతో నీకెందుకురా ఏలీయా?" అన్నాడు బావ. ఏలీయా మూడోసారి నోరు తెరిచాడు. ఈసారి అక్క అడ్డమొచ్చింది, పొయ్యి గట్టు ఎంతెత్తుండాలో చెప్తూ. వాడు నోరు మూసుకుని, గీత గీసిన చోటే ఇటుకలతో గట్టు కట్టి గ్యాసు పొయ్యి బిగించాడు. నేనూ అక్కడే ఉన్నా. నాకూ తట్టలేదు. ముప్పై రెండేళ్ళు నీళ్ళని ఆడించినోడికే తట్టలేదు, నాకేం తడుతుంది? లాకుల దగ్గర పడవలు ఒడ్డుకి తాడేసి కట్టేస్తారు కదా, ఎటు కడితే అటే ఉంటాయి.

గృహప్రవేశం ఉగాదికి పదిరోజుల ముందు. పొద్దున్న పోటు నీరు ఎక్కుతుంటే పడవని నీళ్ళలోకి తోసి, కాస్త లోపలికి తీసుకెళ్ళి ముక్కు దగ్గర లంగరేశారు. సముద్రపు నీరు ఏటిలోకి ఎగదన్నుతోంది. పడవ ముక్కు బుద్ధిగా సముద్రం వైపు తిరిగి నిలబడింది. గుమ్మంలోంచి ఎండ తిన్నగా పొయ్యి పక్కన పడింది. సిద్ధాంతి గారి బస్సు లేటు. ఆయనొచ్చి, మంత్రాలు మొదలెట్టి, గణపతి నుంచి అష్టదిక్పాలకుల దాకా ఒక్కర్నీ వదల్లేదు. చివరాఖరికి అక్క కొత్త గిన్నెలో పాలు పొయ్యి మీద పెట్టింది.

పాలు పొంగడానికి వేలెడంత దూరంలో ఉన్నాయి. అప్పుడు ఎండ కదిలింది.

గుమ్మంలో ఉన్న ఎండ గోడ మీదికొచ్చింది. గోడ మీంచి కిటికీలోకి పోయింది. ఇంతలో వెనక తలుపులోంచి సిద్ధాంతి గారి వీపు మీద పడింది. పోటు ఆగి ఆటు మొదలైంది మరి! నీరు సముద్రంలోకి దిగిపోతుంటే, పడవ లంగరు చుట్టూ గిర్రున తిరిగి ముక్కు ఎగువకి పెట్టింది. అప్పుడే పాలు పొంగాయి.

"ఏ దిక్కుకి పొంగాయి?" అన్నారెవరో.

ఒకళ్ళు తూర్పన్నారు, ఒకళ్ళు పడమరన్నారు. నేను ఉత్తరం అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా. సిద్ధాంతి గారు దిక్సూచి తీసి చూశారు, వేలితో కొట్టారు, మళ్ళీ చూశారు.

"పొయ్యి వాయవ్యంలో ఉందేంటండీ?" అంది పున్నమ్మక్క.

"పడవ తిరగలేదమ్మా" అన్నారాయన ఆలోచించి ఆలోచించి. "దిక్కులే తిరిగాయి."

"అదేనండీ నేను మూడుసార్లు చెప్పబోయింది" అన్నాడు ఏలీయా వెనక నుంచి.

సిద్ధాంతి గారు పుస్తకం చూసి ఫోన్ చేస్తానని గుడివాడ బస్సెక్కారు. ఇంతవరకూ చెయ్యలేదు. పున్నమ్మక్క చిన్న పడవెక్కి క్వార్టరుకెళ్ళి, ఉయ్యూరుకి సంచి సర్దుకుంది.

బావ ఊరుకున్నాడా? వెనక వైపు కూడా ఇంకో లంగరేసి పడవని కదలకుండా బిగించాడు. నీరు పక్కన పడి తోసేసరికి పడవ ఓ పక్కకి ఒరిగి, గిన్నెలూ, బియ్యం డబ్బా, బావా అందరూ ఓ మూలకి జారారు. రెండో లంగరు తీసేశాడు. తర్వాత వచ్చి క్వార్టరు గుమ్మంలో కూర్చున్నాడు. ముప్పై రెండేళ్ళ గేట్లు ఒక్కసారి దింపేసినట్టు కూర్చున్నాడు.

"అమ్మేస్తానే. నువ్వు లేకుండా నేనక్కడ ఎవరితో ఉండాలి?" అన్నాడు.

అక్క సంచి తాడు ముడేస్తూ అడిగింది. "మీ అమ్మ పడవలో పొయ్యి ఏ మూల ఉండేది?"

"తెలీదు. కాలవ వంపు తిరిగినప్పుడల్లా పడవా తిరిగేది. ఆకలేస్తే అన్నం ఉండేది. అదొక్కటే తెలుసు."

అక్క ఉయ్యూరు బస్సు ఎక్కలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే రేవు మెట్ల మీద కూర్చుని, చీకటి పడేదాకా ఆ పడవనే చూసేది. నేను పక్కన కూర్చుని ఏంటక్కా ఏంటక్కా అంటే, "ఉండెహె, లెక్క తప్పుద్ది" అని కసిరేది. ఊళ్ళో కొంతమంది ఆవిడకి మతి పోయిందన్నారు. నేనైతే అనలేదు, నలుగురైదుగురితో తప్ప.

ఆరో రోజు లేచి నిలబడింది. "పోటు ఎక్కినంతసేపూ పొయ్యి ఆగ్నేయంలోనే ఉంటంది. ఆటు తియ్యగానే పోతంది. అంటే రోజుకి రెండుసార్లు నా పొయ్యి నా మూలకొస్తంది. నా క్వార్టర్లో ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు కదే!"

ఆ సాయంత్రమే సంచితో సహా పడవెక్కింది.

ఇప్పుడక్కడ వంట గడియారం చూసి కాదండీ, ఏరు చూసి. పోటు రోజూ ముప్పావుగంట వెనక్కి జరుగుతుంది కాబట్టి భోజనమూ జరుగుతుంది. ఓ రోజు తెల్లారి అయిదింటికే పప్పూ అన్నం, ఓ రోజు కాఫీ పదకొండింటికి. బావ లాకుల దగ్గర కేకేసినట్టే ముక్కు మీద నిలబడి "పోటొచ్చిందోయ్!" అని అరుస్తాడు. అక్క అగ్గిపుల్ల గీస్తుంది.

మొన్న మధ్యాహ్నం ఆకలితో వెళ్ళా. గుమ్మం ఎటుందో తెలీక వెనక నుంచెక్కి మంచం మీద పడ్డా. "కూర్చో, వాయవ్యం నడుస్తోంది" అంది అక్క. నాలుగింటికి పెట్టింది అన్నం, చేపల పులుసుతో. తింటుంటే పడవ మళ్ళీ ఏదో వైపు తిరిగింది. తూర్పుకి కూర్చుని మొదలెట్టిన భోజనం ఏ దిక్కున పూర్తిచేశానో ఇప్పటికీ నాకు తెలీదు. పులుసు మాత్రం అమోఘం.