'రాత్రి' అన్న ఒక్క మాట చెక్కడానికి మా సింహాచలం పడ్డ పాట్లు

నిన్న ఉదయం షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మద్దిలపాలెంలో ఫ్లెక్సీలు వేసే షాపు మాది. వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది.

మా సింహాచలం ఫోటో.

పుట్టినరోజు ఫ్లెక్సీ అనుకున్నాను. వీడి పుట్టినరోజు ఇప్పుడు కాదు కదా అని కూడా అనుకున్నాను. నవ్వుకున్నాను.

కింద ఇంకో మెసేజ్. "శ్రద్ధాంజలి అని పెద్దగా రావాలి సార్. అర్జెంట్."

పంపినవాళ్ళు పరవాడ ఫార్మా కంపెనీలో వాడితో పనిచేసేవాళ్ళు. వాడు నా ఫ్రెండ్ అని వాళ్ళకు తెలీదు. డ్యూటీ బస్సులోనే గుండెపోటు అట.

ఆ ఫ్లెక్సీ నేను చేయలేకపోయాను. పక్క సీట్లో ఆపరేటర్ చేశాడు.

ఇప్పటికీ నాకు ఏమీ అర్థం కావడం లేదు. మొన్న కూడా ఫోన్లో మాట్లాడాను. బాగానే ఉన్నాడు. మరి ఏమైంది?

మీలో చాలామందికి వాడు ఫిట్టర్‌గానే తెలుసు. గాజువాకలో ఇంటి వెనక వరండాలో వాడికో చిన్న మిల్లింగ్ మెషిన్ ఉందని కొందరికే తెలుసు. టీపాయ్ అంత ఉంటుంది. సొంతంగా బిగించుకున్నాడు. కంప్యూటర్‌లో డిజైన్ గీసి, కట్టర్ ఎటు నుంచి ఎటు నడవాలో దారి వేసిస్తే, చెక్క మీద అదే చెక్కుతుంది. ఆ దారిని టూల్‌పాత్ అంటారట. వాడు చెప్తేనే తెలిసింది.

మెషిన్ ఒక నెలలో అయిపోయింది. సాఫ్ట్‌వేర్ దగ్గర ఇరుక్కుపోయాడు.

ఎనిమిది నెలలు!

ఇదంతా వాళ్ళ వదిన కోసం. నూకరత్నం గారు. పూర్ణా మార్కెట్లో ఎండు చేపలు అమ్మేవారు. షుగర్ వల్ల చూపు పోయింది. ఒకసారి రాత్రి వేసుకోవాల్సిన మాత్ర మధ్యాహ్నమే వేసుకుని పడిపోయారు. హాస్పిటల్లో పెట్టాల్సి వచ్చింది.

అప్పుడు వాడు అనుకున్నాడు. మూడు అరలు, మూడు మూతలు ఉన్న చెక్క పెట్టె. మూతల మీద ఉబ్బెత్తు అక్షరాలు. పొద్దున్న. మధ్యాహ్నం. రాత్రి.

"అచ్చరాలెందుకు బావా? ఒక సుక్క, రెండు సుక్కలు, మూడు సుక్కలు ఎట్టేయ్. అయిపోద్ది" అన్నాను.

వాడికి కోపం వచ్చింది. "మా వొదినకి సదువొచ్చు బావా. నాకు అఆలు దిద్దించింది ఆవిడే. ఇప్పుడు సుక్కలు లెక్కెట్టుకోమంతావేటి?"



మొదట ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టాడు. బాగుంది, కానీ నెట్ లేకపోతే తెరుచుకోదు. వాడింట్లో నెట్ ఎప్పుడుంటుందో వాడికే తెలీదు. ఇంకొకటి ఏడాదికోసారి డబ్బు కట్టాలి. మూడోది పూర్తిగా ఉచితం. దాన్ని తెరిస్తే వాడి పాత లాప్‌టాప్ ఉడికిపోయేది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన దొంగ కాపీ తెచ్చిస్తే వెనక్కి ఇచ్చేశాడు. "మిషను తిరుగుతున్నప్పుడు అదేదైనా తిక్క పని సేత్తే కట్టరు ఇరుగుద్ది. లేదా నా యేలు తెగుద్ది" అన్నాడు.

రోజూ నాకు ఫోన్. ఇది కొననా, అది కొననా, ట్రయల్‌లో ఫైల్ సేవ్ అవ్వట్లేదు ఏటి సెయ్యను? నాకు సగం అర్థమయ్యేది కాదు. ఊఁ కొట్టేవాణ్ణి.

చివరికి ఒకదానితో చెక్కాడు. పట్టుకెళ్ళి వదిన చేతికిచ్చాడు. నేనూ ఉన్నాను అక్కడ.

ఆవిడ వేలితో తడిమారు. మళ్ళీ తడిమారు.

"ఇదేటి బాబూ, అచ్చరాలు ఇడిపోనాయి?"

నిజమే. త కింద ఉండాల్సిన రావత్తు జారిపోయి పక్కన కూర్చుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు వత్తులు తెలీవు. ఇంగ్లీషులో చక్కగా వచ్చేవే అన్నీ. వాడి ముఖం చూడలేకపోయాను.

అప్పుడు వెలిగింది నాకు. మా షాపులో రోజూ చేసే పనే! తెలుగు మాటను టైప్ చేసి, అక్షరాల్ని గీతలుగా మార్చేస్తాం. ఆ తర్వాత అది ఏ కంప్యూటర్లోకి వెళ్ళినా చెదరదు.

మర్నాడు ఒక ఫ్రీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మూడు మాటలూ అలా చేసిచ్చాను. పావుగంట పని. టూల్‌పాత్ కోసం ఒక్కసారి కొంటే సరిపోయే చిన్న సాఫ్ట్‌వేర్ తీసుకున్నాడు. మూతలు మళ్ళీ చెక్కాడు. వత్తులు కదల్లేదు.

వాడు రావత్తు మీద వేలు పెట్టి చూసి నావైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ నీ సేతిలో ఎట్టుకొని సెప్పలేదేటి బావా?"

"నువ్వు అడగలేదు కదేటి!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. జనం. ఏడుపులు. నూకరత్నం గారికి మాత్రల వేళ అయిందని ఎవరికీ గుర్తులేదు. ఆవిడే లేచి, గోడ పట్టుకుని వెళ్ళి పెట్టె తెచ్చుకున్నారు. మూతలు తడిమి మధ్యది తీశారు. మాత్ర వేసుకున్నారు. మూత పెట్టి మళ్ళీ ఏడ్చారు.

సంతోషపడాలో ఏడవాలో తెలీక గుమ్మంలో నిలబడ్డాను.

వచ్చేస్తుంటే వాడి భార్య లక్ష్మి అడిగింది. "ఆ మిషను ఏటి సెయ్యమంతారు అన్నయ్యా? ఎవరికైనా ఇచ్చెయ్యమంతన్నారు కొందరు."

"ఉంచమ్మా. నాను నేర్సుకుంతాను" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. అక్షరాలు గీయడం వరకే నా పని. కట్టర్‌ని నడిపించడం వాడికే వచ్చు.

లాప్‌టాప్ ఇచ్చింది. పొద్దున్నుంచి నా ముందే ఉంది. కట్టర్ సైజు ఎంత, లోతు ఎంత అని అడుగుతోంది. ఏదో ఒక అంకె వేస్తున్నాను. ఎర్రగా తప్పు చూపిస్తోంది. తీసేసి ఇంకోటి వేస్తున్నాను.

వెళ్ళిరా బావా. ట్రయల్ వెర్షన్ల గోల లేని చోట హాయిగా ఉండు. నీ మనసుకి శాంతి దొరకాలి.

నాకు మాత్రం కొంచెం టైమ్ పడుతుంది.