మా బావ కుడికాలు

మా బావకు ఒక మంచి అలవాటుంది. ఏ పని చెయ్యాలన్నా ముందు నన్ను సలహా అడుగుతాడు. నేను చెబుతాను. తలాడిస్తూ శ్రద్ధగా వింటాడు. తర్వాత సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేస్తాడు. మా అక్క పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస.

ఆయన పని అద్దాలు చేరవేయడం. బజారులోని అద్దాల దుకాణం నుంచి కిటికీ అద్దాలూ, షాపుల ముందు బిగించే నిలువెత్తు అద్దాలూ తన పికప్‌లో ఎక్కించుకుని, పగలకుండా దింపి రావాలి. పందొమ్మిదేళ్ళలో ఒక్కటీ పగల్లేదు. షావుకారు ఈ సంగతి కనబడ్డవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు, బావ కిరాయి పెంచమన్నప్పుడు తప్ప.

ఇందులో సగం బావ నేర్పు, సగం ఇంజను నీరసం అని నా అభిప్రాయం. ఆ బండి తొందరపడదామన్నా పడలేదు. దుకాణం దాటాక వంతెన ఎత్తు వస్తుంది. అది ఎక్కాలంటే దానికి ముందొచ్చే టైర్ల కొట్టు దగ్గర్నుంచే యాక్సిలరేటర్ నేలకంటా తొక్కిపట్టాలి. అయినా సైకిళ్ళవాళ్ళు దాటిపోయేవాళ్ళు. ఒకరిద్దరు జాలిపడి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కూడా.

చివరికి ఒకరోజు ఆ ఇంజను వంతెన మధ్యలో ప్రాణం వదిలింది. మెకానిక్ విప్పి చూసి, ఇది ఇక బాగుపడదన్నాడు. షావుకారు ఎనిమిది రోజులు ఆగుతానన్నాడు. ఆలోగా బండి రాకపోతే ఇంకో బండి మాట్లాడుకుంటాడు. బావకు తెలిసిన పని అదొక్కటే, తెలిసిన షావుకారూ ఆయనొక్కడే.

"ఏమోయ్ బామ్మర్దీ, ఏం చేద్దామంటావ్?" అన్నాడు.

"అమ్మెయ్ బావా. ఆ డబ్బుకి ఇంకొంచెం వేసి, కాస్త కొత్త బండి తీసుకో."

తలాడించాడు. నాకు అప్పుడే అర్థమైంది, కొత్త ఇంజను వేయిస్తాడని.

"ఇంజను తప్ప బండిలో అన్నీ బాగానే ఉన్నాయి కదా?" అన్నాడు. ఉన్నాయి. ఎడమ తలుపు తాడుతో కట్టి ఉంది. వైపరు ఒకటే ఉంది, అదీ వాన లేనప్పుడు బాగా తిరుగుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. వెనక అద్దాలు ఏటవాలుగా నిలబెట్టే చెక్క చట్రం ఆయన స్వయంగా చేసుకున్నాడు, అంగుళం అంగుళం ఆ బండికే కొలిచి. దాన్ని వదలడానికి మనసొప్పలేదు. ఆ మాట పైకి చెప్పుంటే నేను అంత తిట్టేవాణ్ణి కాదు.

మెకానిక్ మాత్రం మంచివాడు. ఇంజను కూర్చునే దిమ్మలు మార్చాడు, పెద్ద రేడియేటరు పెట్టాడు, క్లచ్చి కొత్తది వేశాడు. బ్రేకులు కూడా మార్పిస్తేనే తాళం ఇస్తానని మొండికేశాడు. ఏడో రోజుకి బండి సిద్ధమైంది. చప్పుడే లేదు. ఆడుతోందో లేదో తెలియక, ఆడుతున్న ఇంజనుకే మళ్ళీ తాళం తిప్పాడు బావ. అది కీచుమంది. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున బట్టల షాపుకి ఏడు పెద్ద అద్దాలు. తోడు రమ్మంటే నేనూ ఎక్కాను. టైర్ల కొట్టు వచ్చింది. పందొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ బావ కుడికాలు నేలకంటా దిగింది. బండి కట్టు తెంచుకున్న దూడలా వంతెన ఎక్కేసింది. పైన ఒక లారీ ఆగి ఉంది. బావ అదే కాలితో బ్రేకు తొక్కాడు. కొత్త బ్రేకులు, చక్కగా పట్టాయి. వెనక తాళ్ళు తెగి మూడు అద్దాలు భళ్ళున పగిలాయి.

బావ దిగి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడు. అంత మనిషిని అలా చూడటం నాకు చేతకాలేదు. "నే ముందే చెప్పానా" అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

షావుకారు అరవలేదు. "రేపు ఇంకొక్క లోడు చూస్తాను. అంతే," అన్నాడు.

సాయంత్రం ఖాళీ బండితో వంతెన మీద సాధన మొదలుపెట్టాడు బావ. సీటు మధ్యలో మా అక్క, అంచున నేను. ఐదుసార్లు తిరిగాం. ఐదుసార్లూ టైర్ల కొట్టు రాగానే బండి ఎగిరింది.

"నేను తొక్కట్లేదే! అదే పోతోంది," అన్నాడు బావ తన కాలిని చూసి, అదేదో పక్కింటివాళ్ళది అన్నట్టు.

అక్క ఆ కాలినే చూస్తోంది. పెళ్ళికి ముందు మా నాన్న వ్యాను నడిపింది ఆవిడే. పెళ్ళయ్యాక ఇంట్లో డ్రైవర్లు ఇద్దరయ్యారు, స్టీరింగు మాత్రం ఒకటే. అది ఎవరి చేతిలో ఉండాలో ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు అద్దాలు ఎక్కించాక అక్క వచ్చి డ్రైవరు తలుపు తీసింది.

"దిగండి."

"నీకు ఈ బండి అలవాటు లేదే!"

"అందుకే."

బావ దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన ఇరుక్కున్నాడు. బండి నల్లేరు మీద నడకలా సాగింది. టైర్ల కొట్టు దగ్గర చూద్దును కదా, బావ కుడికాలు వట్టి నేలను బలంగా తొక్కుతోంది.

"తొక్కుకోండి, అక్కడేం లేదు," అంది అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఒక్క అద్దానికీ గీత పడలేదు. షావుకారు ఒక్కొక్కటీ తడిమి చూసి, "రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్యమ్మా," అన్నాడు. అమ్మా అని. బావ అక్కడే నిలబడి ఉన్నాడు. తాళ్ళు చుట్టుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు.

మొన్న మా వీధి ప్లంబరు ఇంటికొచ్చాడు. ఆయన పికప్ కూడా పొగ మొదలుపెట్టిందట. "అన్నా, పాత బండికి కొత్త ఇంజను వేయిస్తే గిట్టుబాటేనా?" అని బావను అడిగాడు.

బావ నా వైపు చూడలేదు. జీవితంలో మొదటిసారి నా సలహా అడక్కుండా జవాబు చెప్పాడు.

"గిట్టుబాటే తమ్ముడూ. కాకపోతే ముందు ఇంట్లో మీ ఆవిడకి డ్రైవింగు వచ్చేమో కనుక్కో."